ఒక మనస్సు – అనేకమైన పనులు



ఈ నెల నా తప్పు ఒకటి ముందుగా మీ యెదుట ఒప్పుకొని, తరువాత విషయానికి వస్తాను.

నా కాపురం ఉదయగిరిలో. ఆదివారం ఉదయం ఒక ఊరిలో ఆరాధన, మధ్యాహ్నం మరొక ఊరిలో ఆరాధన. వారంలో ఒకటి రెండుసార్లు సంఘం పనుల మీద ఆత్మకూరు వెళ్ళి వస్తుంటాను. మన మెట్ట ప్రాంతపు సంగతి మీకు తెలియనిది కాదు. పల్లెలో దొరకని వస్తువేదైనా ఆత్మకూరు నుండో నెల్లూరు నుండో రావాలి. అందుచేత నేను బయలుదేరుతున్నానని తెలిస్తే ఎవరో ఒకరు ఏదో ఒకటి తెమ్మని చెబుతారు. అది నాకు సంతోషమే.

ఆ మధ్య ఒక సోమవారం గృహదర్శనానికి ఒక పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె ఒంటరి మనిషి. పిల్లలు బెంగళూరులో కూలికి పోయారు. షుగరు జబ్బుకు రోజూ సూదిమందు వేసుకుంటుంది. ఆమె నాకు మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, ఎదురుగా గడపమీద కూర్చుని మాట్లాడుతూ ఉంది. అప్పుడే నా ఫోనులో సంఘపెద్దల గ్రూపులో మందిరం పైకప్పు రేకుల గురించి మాటలు నడుస్తున్నాయి. ఎన్ని రేకులు, ఎంత ధర, ఎవరి బండిలో రావాలి అని ఒకరి వెనుక ఒకరు పెడుతున్నారు. నేను ఒక కన్ను ఫోనుమీద, ఒక చెవి పెద్దమ్మ వైపు ఉంచి, మధ్యమధ్య తల ఊపుతూ “ఊఁ, అట్లాగేనమ్మా” అంటున్నాను. ఆమె ఒక చీటీ ఇచ్చింది. తీసుకొని బైబిలు జిప్పు కవరులోని అరలో పెట్టాను. ప్రార్థన చేసి లేచాను.

బుధవారం ఆత్మకూరు వెళ్ళాను. రేకులకు బయానా ఇచ్చాను, మేకులు కొన్నాను, తిరిగి వచ్చాను. ఆ పైవారం మంగళవారం నాడు కబురు వచ్చింది. పెద్దమ్మ స్పృహ తప్పి పడిపోతే ఇరుగుపొరుగు వారు ఆటోలో ఆత్మకూరు తీసుకుపోయారనీ, అక్కడనుండి నెల్లూరు పంపించారనీ. నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆమెకు స్పృహ వచ్చి ఉంది. మంచం ప్రక్కన నిలబడి ప్రార్థన చేద్దామని బైబిలు కవరు తెరిచి కళ్ళద్దాలు తీయబోతే వాటితోపాటు ఆ చీటీ బయటికి వచ్చింది. ఇన్సులిన్ పేరు, ఎన్ని కావాలి, అంతే వ్రాసి ఉంది. ఇంట్లో ఉన్నది రెండు రోజులకే వస్తుందని ఆమె నాకు నోటితో చెప్పిందట. నేను వినలేదు.

“మళ్ళీ ఒక మాట గుర్తుచేయవచ్చు కదమ్మా!” అన్నాను, తప్పు కొంచెం ఆమెమీదికి నెట్టాలని చూస్తున్నట్టు.

“తల ఊపితిరి గదా అయ్యగారా, ఇన్నారనుకుంటిని. మళ్ళా చెప్తే మిమ్మల్ని తొందరపెట్టినట్టుంటుందని ఊరకుంటిని” అంది.

దేవుని దయవలన ఆమె అయిదు రోజులకు ఇంటికి వచ్చింది. ఆ మాట మాత్రం నాలోనుండి పోలేదు. నేను ఆమెను నిర్లక్ష్యం చేయాలనుకోలేదు. రెండు పనులు ఒకేసారి చేయగలనని అనుకున్నాను. ఆ అనుకోవడమే నా తప్పు.

అష్టావధానంలో ఏమి జరుగుతుంది?

మన తెలుగిళ్ళలో తీరికలేనివారు “నేను అష్టావధానం చేస్తున్నాను” అంటారు. పొయ్యిమీద అన్నం, దొడ్లో గేదె, చంకలో బిడ్డ, వాకిట్లో చుట్టం ఉన్నప్పుడు మన తల్లులు అనే మాట అది. నేనూ అనేవాణ్ణి. అయితే అసలు అష్టావధానం ఎలా జరుగుతుందో ఒకసారి తెలుసుకుంటే, ఆ మాటను మనం ఎంత తప్పుగా వాడుతున్నామో తెలుస్తుంది.

అవధానం మన తెలుగువారు పెంచి పోషించిన విద్య. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి (1870–1950) అనే ఇద్దరు కలిసి తిరుపతి వేంకట కవులనే పేరుతో ఊరూరా అవధానాలు చేసి దీనిని జనంలోకి తెచ్చారు. మన పడమటి కొండలకు ఆవల, కడప జిల్లా ప్రొద్దుటూరులో కూడా సి.వి. సుబ్బన్న శతావధాని వంటి పేరుపొందినవారు ఉండేవారు. నేను చదువుకునే రోజుల్లో నెల్లూరులో ఒక అష్టావధానం చూశాను. పద్యాలు సగం అర్థం కాకపోయినా కదలకుండా కూర్చున్నాను.

అవధాని చుట్టూ ఎనిమిదిమంది కూర్చుంటారు. వీరిని పృచ్ఛకులంటారు. ఒకరు విపరీతమైన అర్థం వచ్చే ఒక పాదం ఇచ్చి దానితో పద్యం ముగించమంటారు, అది సమస్య. ఒకరు సంబంధంలేని నాలుగు మాటలు ఇచ్చి వాటిని ఒక పద్యంలో ఇమడ్చమంటారు, అది దత్తపది. ఒకరు అవధాని ఒక అక్షరం చెప్పగానే తరువాతి అక్షరం ఫలానాది రాకూడదని అడ్డు చెబుతుంటారు, అది నిషిద్ధాక్షరి. ఒకరు వర్ణన అడుగుతారు, ఒకరు అప్పటికప్పుడు ఆశువుగా పద్యం చెప్పమంటారు, ఒకరు పురాణంలోని పద్యం చదివి సందర్భం అడుగుతారు. ఒకరు ఇష్టం వచ్చినప్పుడు గంట కొడుతుంటారు. ఎన్ని గంటలు కొట్టారో చివరకు చెప్పాలి. ఇంకొకరి పనేమంటే సందర్భంలేని మాటలు అడిగి అవధాని మనస్సు చెదరగొట్టడం. దానిని అప్రస్తుత ప్రసంగం అంటారు. ఒక్కొక్క సభలో ఈ అంశాలు కొంచెం మారుతుంటాయి.

ఇదంతా చూసినవాడు “ఎనిమిది పనులు ఒకేసారి చేశాడు” అంటాడు. జాగ్రత్తగా చూస్తే అలా జరగదు. అవధాని మొదటి పృచ్ఛకునికి మొదటి పాదం చెబుతాడు. అది ముగిసిన తరువాతనే రెండవ పృచ్ఛకుని వైపు తిరుగుతాడు. అలా ఒక చుట్టు పూర్తి అయ్యాక రెండవ పాదానికి మళ్ళీ మొదటివాని దగ్గరకు వస్తాడు. నాలుగు చుట్లలో నాలుగు పాదాలు. ఇద్దరు పృచ్ఛకులు ఒకేసారి ప్రశ్న వేయరు; సభను నడిపించడానికి ఒక సంచాలకుడు ఉంటాడు. మధ్యలో అడ్డువచ్చేవి గంట, అప్రస్తుత ప్రసంగం మాత్రమే. నవ్వుతూ ఒక జవాబు చెప్పి అవధాని మళ్ళీ తన పాదానికి వస్తాడు. చివరకు ధారణ: ఇచ్చిన పద్యాలన్నీ మొదటినుండి తప్పులేకుండా అప్పగించడం. సభ అంతా ఎదురుచూసేది ఆ ధారణ కోసమే.

మరొక సంగతి గమనించండి. అవధాని వట్టి జ్ఞాపకశక్తి మీదనే ఆధారపడడు. ఛందస్సు అతనికి ఆసరా. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదవ అక్షరం దగ్గర యతి, నాలుగు పాదాల్లోనూ రెండవ అక్షరం ప్రాస. కాబట్టి ఒక పాదం గుర్తుంటే రెండవ పాదానికి తాడు దొరుకుతుంది. సంవత్సరాల సాధనవల్ల గణాలు లెక్కపెట్టుకునే అవసరం కూడా అతనికి ఉండదు. మనకు నడక ఎలాగో అతనికి ఆ నడక అలాగ.

అసలు ‘అవధానం’ అనే మాటకు అర్థమేమిటి? శ్రద్ధ, మనస్సు నిలుపుట. అనేకమైన పనులు అని ఆ మాటకు అర్థం లేదు. ఎనిమిదిమందికి జవాబు చెప్పేవాడు కూడా ఒక క్షణాన ఒక్కరికే తన మనస్సు ఇస్తున్నాడు. నేను పెద్దమ్మ ఇంట్లో చేసింది అష్టావధానం కాదు, రెండింటికీ చెందని పరధ్యానం.

మన మనస్సు ఎంత పట్టగలదు?

మనస్సును గూర్చి పరిశోధన చేసినవారు కూడా ఇదే చెబుతున్నారు. 1956లో జార్జ్ మిల్లర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, మనిషి అప్పటికప్పుడు మనస్సులో పట్టి ఉంచగలిగేది సుమారు ఏడు అంశాలని వ్రాశాడు. 2001లో నెల్సన్ కోవన్ అనే ఆయన ఆ లెక్కను తిరిగి చూసి, అది సుమారు నాలుగేనన్నాడు. పది అంకెల ఫోను నంబరును మనం అయిదయిదుగా విడగొట్టి చెప్పుకోవడం ఇందుకే. చేతిలో నాలుగు కోడిగుడ్లు పట్టుకున్నవాడికి అయిదవది ఇస్తే ఏదో ఒకటి జారుతుంది. ఏది జారిందో పగిలిన తరువాతగాని తెలియదు.

ఒక పనినుండి ఇంకొక పనికి మారడానికి కూడా మనస్సు సుంకం కట్టవలసి ఉంటుంది. 1995లో రోజర్స్, మాన్సెల్ అనే ఇద్దరు దీనిని పరీక్షించారు. పని మారబోతుందని ముందే తెలిసినా, సిద్ధపడడానికి వ్యవధి ఇచ్చినా, మారిన వెంటనే మనిషి కొంత నెమ్మదిస్తూనే ఉన్నాడు. ఒక పనికి సంబంధించిన నియమాలు దించుకొని ఇంకొక పని నియమాలు ఎత్తుకోవడానికి ఆ సమయం పడుతుంది. ఒక్కసారికి అది రెప్పపాటే. రోజంతా ఫోనుకూ పనికీ మధ్య ఊగులాడేవాడికి ఎన్ని రెప్పపాట్లు పోతాయో ఆలోచించండి.

“అందరికీ అలా కావచ్చు, నాకు మాత్రం అలవాటే” అనేవారుంటారు. 2010లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో వాట్సన్, స్ట్రేయర్ అనేవారు 200 మందిని పరీక్షించారు. బండి నడిపే యంత్రం ముందు కూర్చోబెట్టి, ఫోనులో మాటలు గుర్తుపెట్టుకుంటూ లెక్కలు చెప్పమన్నారు. రెండింటిలోనూ తగ్గకుండా చేయగలిగినవారు నూటికి రెండున్నర మంది, అంటే 200 మందిలో 5గురు. మిగిలినవారందరూ తగ్గారు. ఆ అయిదుగురిలో నేనొకణ్ణని అనుకోవడం సులభం. పెద్దమ్మ ఇంట్లో నేను అనుకున్నదదే.

ఇది మాట వినకపోవడంతోనే ఆగదు. 1997లో కెనడాలోని టొరొంటోలో ఫోనులున్న 699 మంది వాహన ప్రమాదాలను పరిశీలించారు. ఫోనులో మాట్లాడే సమయంలో ప్రమాదం జరిగే అవకాశం సుమారు నాలుగు రెట్లు పెరిగిందని తేలింది. ఫోను చేత్తో పట్టుకోకుండా మాట్లాడేవారికి కూడా ఏమీ మేలు కనబడలేదు. కారణం, అడ్డు చేతికి కాదు, మనస్సుకు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకొని మోటారు సైకిలు మీద సోమశిల రోడ్డున పోయే యవ్వనస్థులారా, మీకోసం ఇంటిదగ్గర గంజి వార్చి ఎదురుచూసేవారు ఉన్నారు. బండి ప్రక్కకు ఆపి మాట్లాడండి.

మరి మన తల్లులు?

“అయ్యగారూ, మా ఆడవాళ్ళం పొద్దున లేచినప్పటినుండి నాలుగు పనులు కలిపే చేస్తాం కదా, ఎలా జరుగుతోంది?” అని ఒక సహోదరి అడిగింది. మంచి ప్రశ్న.

ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కేవారిని చూడండి. చేయి కదులుతూనే ఉంటుంది, నోటితో మీతో మాట్లాడుతూనే ఉంటారు. చేయి నేర్చిన పనికి మనస్సు కాపలా ఎక్కువ అక్కరలేదు. కాని చెంచా మెడ దగ్గర సన్నగా చెక్కే చోటు రాగానే మాట ఆగిపోతుంది. ఎవరూ చెప్పకుండానే ఆగుతుంది. అక్కడ మనస్సంతా కావాలి. ఇంటి తల్లి కూడా అంతే. ఉడుకుతున్న చప్పుడు, మాడుతున్న వాసన ఆమెను పిలుస్తాయి. అలవాటైన పనుల మధ్య ఆమె పాదం పాదంగా తిరుగుతుంది. ఒక కొత్త చిక్కు, ఒక చెడ్డ కబురు వచ్చిననాడు పాలు పొంగిపోతాయి. ఆనాడు ఆమెను విసుక్కోకండి.

ఆడవారి బుర్ర వేరు, వారు పది పనులు అవలీలగా చేస్తారు అని మగవారు మెచ్చుకుంటూ ఉంటారు. పరీక్షించి చూసినవారు స్త్రీ పురుషులకు ఈ విషయంలో అంత తేడా ఉన్నదని స్థిరంగా చూపలేకపోయారు. ఆ మెచ్చుకోలు చాలా ఇళ్ళల్లో మనం లేచి బిందె ముట్టకుండా ఉండడానికి ఒక సాకు. మార్త అనేక పనులతో తొందరపడి కలవరపడిన సంగతి లూకా సువార్త 10వ అధ్యాయంలో ఉంది. మార్తను గూర్చి మనం ఎన్నో ప్రసంగాలు చేస్తాము. మార్త వంటింట్లో ఒంటరిగా ఉన్నదని, ఆ మాట ఆమే చెప్పుకున్నదని మాత్రం వదిలేస్తాము.

నెహెమ్యా గ్రంథం 4వ అధ్యాయం కూడా చదవండి. యెరూషలేము గోడ కట్టేవారు ఒక చేత పని చేస్తూ ఒక చేత ఆయుధం పట్టుకున్నారు. రెండు పనులు కలిపి చేసినవారికి ఇది మంచి సాక్ష్యమని నేను చాలాకాలం చెప్పాను. ఇప్పుడు దానికి ముందు వచనాలు, తరువాతి వచనాలు కలిపి చదువుతున్నాను. సగం మంది పనిలో ఉంటే సగం మంది ఈటెలు పట్టుకొని నిలిచారు. బూర ఊదేవాడు నెహెమ్యా ప్రక్కనే ఉన్నాడు. ప్రమాదం వస్తే చెప్పడం అతని పని. అందుచేత రాయి పెట్టేవాడు ప్రతి నిమిషం కొండవైపు చూస్తూ ఉండనవసరం లేకపోయింది. ఆ భారం ఇంకొకడు మోశాడు. అపొస్తలులు కూడా ఆహారం పంచే పనికి ఏడుగురిని ఏర్పరచారు. ఒకరి నెత్తిన ఎనిమిది పనులు ఉంటే ఆ ఒకరికి ఎక్కువ శక్తి ఇమ్మని ప్రార్థించడంతోపాటు, వాటిలో నాలుగు దించడానికి లేవాలి.

మన ఇంట్లో చేయదగినవి

నేను ఆ నెలనుండి చేస్తున్నవి కొన్ని చెబుతాను. పెద్ద విద్యలేమీ కావు.

మొదటిది, ఎవరైనా మాట్లాడుతుంటే ఫోను జేబులో కాదు, బండి పెట్టెలో ఉంటుంది. జేబులో ఉంటే మ్రోగకపోయినా మ్రోగినట్టే ఉంటుంది. అత్యవసరమైతే నా భార్యకు ఫోను చేస్తారు; ఆమె మా ఇంటి బూర.

రెండవది, ఒక పాదం ముగించి ఇంకొక పనికి తిరగడం. పిల్లవాడు లెక్క చేస్తుంటే సగంలో లేపి అంగడికి పంపకండి. ఆ లెక్క కానివ్వండి. పుస్తకం ప్రక్కన ఫోను, ఎదురుగా టీవీ పెట్టుకొని చదివితే రాత్రి పదింటి దాకా చదివినట్టు లెక్కకు వస్తుంది, తెల్లవారితే చదివినది ఉండదు.

మూడవది, వ్రాసుకోవడం. వ్రాసినది చేయి పోయే చోట పెట్టుకోవడం. నేను చీటీ తీసుకున్నాను, కాని చేయి పోని అరలో పెట్టాను. ఇప్పుడు ఆత్మకూరు వెళ్ళేటప్పుడు తేవలసినవాటి చీటీ బస్సు డబ్బులతో కలిపి మడిచి పెడుతున్నాను. టిక్కెట్టు తీసుకునేటప్పుడు అది కనబడక తప్పదు.

నాలుగవది ధారణ. ఎదుటివారు చెప్పినది మళ్ళీ వారికే అప్పగించడం. “అమ్మా, మీరు చెప్పింది ఇదీ, ఇదీ, నేను ఫలానా రోజు ఇది తేవాలి, అంతేనా?” అని అడిగి, వారు అవునన్న తరువాతనే ప్రార్థనకు మోకరిస్తున్నాను. తల ఊపడం ఎవరికైనా చేతనవుతుంది. అప్పగించడం విన్నవానికే వస్తుంది. భార్యాభర్తలు రోజుకు ఒక్కసారి ఇలా చేసి చూడండి. సగం జగడాలు మొదలుకాక ముందే ఆగిపోతాయి.

పోయిన నెల ఆ పెద్దమ్మ ఇంటికి మళ్ళీ వెళ్ళాను. అదే మంచం, అదే మజ్జిగ. ఆమె తన కాలినొప్పి, కొడుకు బాకీ, చిన్న మనుమరాలి బడి, ఇంటి వెనుక పడిపోయిన గోడ, అన్నీ చెప్పింది. చెప్పి ఊరకుండలేదు. చీర కొంగు సర్దుకొని, “ఏదీ, నేనేం చెప్తినో చెప్పండి అయ్యగారా” అంది.

నేను వరుసగా చెప్పాను. గోడ సంగతి మరచిపోయాను. ఆమె నవ్వి గుర్తుచేసింది. ఆ తరువాత ప్రార్థన చేసుకున్నాము. ఆ ప్రార్థనలో గోడ కూడా ఉంది.

ఈ నెల మీ ఇంట్లో మీతో ఎవరు ఏమి చెబుతున్నారో, ఆ చెప్పేవారి వైపు పూర్తిగా తిరిగి వినుటకు ప్రభువు మనకందరికీ సహాయము చేయును గాక. ఆమేన్.